సీసా అడుగున తెల్లపొడి

మధ్యాహ్నం రెండయింది. బడిలోని సైన్సు గదిలో కూర్చుని పిన్ని ఒక కాగితం మీద ‘తాగవచ్చు’ అని పెద్ద అక్షరాలతో రాస్తోంది. వరద తీసి తొమ్మిది రోజులైనా కింది అంతస్తు గోడల మీద నడుమెత్తున బురద గీత అలాగే ఉంది. పిన్నిది నగరంలో నీళ్ళు పరీక్షించే ఉద్యోగం. ల్యాబు మునిగిపోతే సామానంతా ఈ గదిలోకి తెచ్చారు.

పక్కనే కూర్చున్న పదేళ్ళ పిల్లను ఇంట్లో అందరూ మిరియం అంటారు. బడి లేదు గనుక పిన్ని వెంట తిరుగుతోంది.

“అటు వీధి నీళ్ళలో క్రిములున్నాయి, ఇటు వీధిలోనూ ఉన్నాయి. మధ్యలో మన వీధి ఒక్కటే శుభ్రం. విచిత్రంగా లేదూ?” అంది పిన్ని.

మిరియం బల్ల మీది ఖాళీ సీసాల వైపు చూసింది. అన్నింటి అడుగునా చిటికెడు తెల్లపొడి ఉంది. అదేమిటని అడిగింది.

“మందు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుందా, ఇక్కడికి తెచ్చేలోపు అది సీసాలోని క్రిముల్ని చంపుతూనే ఉంటుంది. అప్పుడు కుళాయిలో క్రిములున్నా పరీక్షలో కనబడవు. ఈ పొడి ఆ క్లోరిన్‌ను ఆపుతుంది.”

మిరియం చూపు ‘తాగవచ్చు’ అన్న కాగితం మీదికి పోయింది.

నిన్న వీధి కుళాయి దగ్గర ఫోన్ వస్తే, సీసా తన చేతికిచ్చి, మూత తీయొద్దని చెప్పి పిన్ని పక్కకు వెళ్ళింది. అడుగున పొడి కనిపించింది. తొమ్మిది రోజులుగా ఇంట్లో గిన్నెలు, గోడలు, చెప్పులు కడగడమే పని. పిన్ని సీసా కడగడం మర్చిపోయిందనుకుంది మిరియం. ఎవరైనా చూస్తే నవ్వుతారని రెండుసార్లు తొలిచి మూత పెట్టేసింది. పిన్ని తిరిగొచ్చి, తొందరలో చూసుకోకుండా నీళ్ళు పట్టింది.

ఫలితం ఆలస్యమైందని పై ఆఫీసరు పొద్దున్నే పిన్నికి చీవాట్లు పెట్టాడు. ‘నీళ్ళు నిజంగానే మంచివేమో. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?’ ఆ మాట లోపలినుంచి తన గొంతుతోనే వినబడింది. మిరియానికి భయమేసింది.

“పిన్నీ, మన వీధి సీసా నేను కడిగేశాను. పొడి పోయింది.”

కలం ఆగింది. “నేనూ చూసుకోలేదు,” అని పిన్ని కాగితం చింపేసి, ఆఫీసరుకు చెప్పడానికి ఫోన్ తీసింది. కొత్త సీసా ఫలితం రేపటికి గానీ రాదు.

మిరియం కిందికి దిగింది. బడి గేటు దగ్గర పక్కింటి అత్త బిందెతో నిలబడి ఉంది. ఆమె కొడుకు వాంతులతో ఆస్పత్రిలో ఉన్నాడు.

“ఏమే, మీ పిన్ని ఇంకా నీళ్ళకు జ్వరం చూస్తూనే ఉందా?”

“ఆ నీళ్ళు తాగొద్దత్తా. పరీక్ష తప్పు. నావల్లే.”

అత్త మొహం పాలిపోయింది. “నీళ్ళు మంచివని మీ పిన్ని మాట విని బడి వాచ్‌మన్ పొద్దున్నే చెప్పాడుగా. ఆస్పత్రిలో మావాడికి ఇందాకే ఒక సీసా నీళ్ళు పంపాను.”

బిందె అక్కడే పడేసి ఆస్పత్రి వైపు పరుగెత్తింది.

మిరియానికి ఇంటికి పోయి దుప్పటి కప్పుకోవాలనిపించింది. వీధిలో నలభై ఇళ్ళున్నాయి. మొదటి ఇంటి తలుపు తట్టింది.

“కుళాయి నీళ్ళు తాగకండి. పరీక్ష నేనే పాడుచేశాను.”

ఆ ఇంటాయన తిట్టినదంతా నిలబడి వింది. తర్వాత రెండో ఇంటి తలుపు తట్టింది.