ఇరుక్కున్న గేరు

బోనాల రోజు మధ్యాహ్నం పాతబస్తీ ఛత్రినాకలో బుద్ధున్నవాడెవడూ సైకిల్ దుకాణం తెరవడు. నేను తెరిచాను. మర్నాడు పొద్దున నా బిడ్డ అఖిలకు సైకిల్ రేసు సెలక్షన్లు. దానికోసం జుమేరాత్ బజార్ పాత సామాన్ల సంతలో రేసు సైకిల్ కొన్నాను. బండి బంగారమే, గేర్లే పడవు. కుడి లీవర్ నొక్కితే మూడో గేరు దగ్గర ఇరుక్కుపోతుంది.

పాత బండి మీద పానా పెట్టేముందు దాని చక్రం కింద నిమ్మకాయ నలిపించడం మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి. అంతకుముందు ఎవరెక్కారో, ఏమయ్యారో మనకు తెలియదు కదా. ఆ రోజు బస్తీలో నిమ్మకాయలన్నీ అమ్మవారి దండలకే పోయాయి. చౌరస్తాలో మాత్రం ఒకటి దొరికింది. ఎవరో దిష్టి తీసి పారేసింది, కుంకుమ పూసి ఉంది. జనం దాన్ని తొక్కడానికే భయపడతారు. నేను ఏకంగా జేబులో వేసుకొచ్చాను.

బోనం ఎత్తుకుని బయల్దేరుతున్న నా భార్య ఆండాలు చూసింది.

"గది ఏడికెళ్లి తెచ్చినవ్?"

"ఏడిదైతేంది, నిమ్మకాయే కదా. నీకెందుకు ఫికర్? నువ్వు పో."

చక్రం కింద కాయ నలిగింది. రసం చుక్క కూడా రాలేదు.

ఊరేగింపు జనం దుకాణం మీద పడుతుంటే షట్టర్ దించి, బల్బు వేసుకుని పనికి కూర్చున్నాను. ఏళ్లతరబడి లోపల గ్రీజు ఎండితే లీవర్ పళ్లు పట్టవు. కిరసనాయిలు పోసి, వంద సార్లు నొక్కుతూ పోతే కరిగి వదులవుతుంది. రబ్బరు తొడుగు ఎత్తి పోశాను. కిరసనాయిలు ఎర్రగా బయటికొచ్చింది. పచ్చి మాంసం వాసన. బయట పొట్టేళ్లు కోస్తున్నారు, అక్కడిదే అనుకున్నాను.

నొక్కాను. టక్. మూడో గేరు దాటింది. ప్రాణం లేచొచ్చింది. చైను సరిగ్గా కూర్చుందో లేదో చూద్దామని ఎడమ చెయ్యి పెట్టాను.

నా చెవి వెనకాల ఎవరో అన్నారు.

"ఇంకొకటి..."

తిరిగి చూశాను. షట్టర్. గోడ. ఎవరూ లేరు.

లీవర్ దానంతటదే లోపలికి వంగింది. టక్... పెడల్ తిరిగింది... నేను ముట్టలేదు. చైను నా చూపుడు వేలును పళ్లలోకి లాక్కుంది. ఎముక విరిగిన చప్పుడు డప్పుల మధ్య కూడా నాకు వినిపించింది. కుడి చేత్తో పానా అందుకుని చక్రాన్ని బాదాను. హ్యాండిల్ గిర్రున తిరిగి నా పక్కటెముకల్లో పొడిచింది. మళ్లీ పొడిచింది. నోట్లో రక్తం...

"ఇంకొకటి..."

టక్. మధ్య వేలు పోయింది. దాంతోపాటు ఉస్తాద్ తొడిగిన రాగి ఉంగరం కూడా. అరిచాను. బయట అందరూ తీన్‌మార్ డప్పులకు ఆడుతున్నారు, ఎవరికి వినిపిస్తుంది?

ఆండాలు తిరిగొచ్చి షట్టర్ ఎత్తేసరికి నాకు స్పృహ లేదట. దుకాణమంతా వెతికినా వేళ్లు దొరకలేదు. ఉంగరమూ లేదు. సైకిల్ మీద రక్తపు మరక ఒక్కటి కూడా లేదట.

మర్నాడు పొద్దున ఆసుపత్రిలో కళ్లు తెరిచాను.

"అఖిల ఏది?"

"సెలక్షన్లకు పోయింది," అంది ఆండాలు. "గదే సైకిల్ మీద. బాపు నా కోసమే వేళ్లు పోగొట్టుకున్నడు, గెలిచే వస్త అన్నది. నేను ఆపలేకపోయిన."

కుడి చేత్తో ఫోన్ చేశాను. ఎత్తింది. గాలి హోరు, తొక్కుతూనే ఎత్తినట్టుంది.

"దిగు బిడ్డా. ఇప్పుడే దిగు."

"గేర్లు మస్తు పడుతున్నయ్ బాపు. నొక్కకముందే పడుతున్నయ్." తర్వాత గొంతు తగ్గించింది. "బాపు... నా చెయ్యి మీద ఎవరివో రెండు వేళ్లున్నయ్. ఒకదానికి ఉంగరముంది."

గాలి హోరులో లీవర్ చప్పుడు వినిపించింది. టక్.