మూడు లోపాల జనరేటర్

"మిణుగురు ఆరిపోయింది."

చేతి గడియారంలో దాచిన స్పీకర్‌లోంచి ఛీఫ్ గొంతు అంతే చెప్పింది. జనరేటర్ మూతకున్న చివరి స్క్రూ విప్పుతున్న ఏజెంట్ మెకానిక్ చెయ్యి ఆగిపోయింది.

మిణుగురు ఆమె కోడ్ నేమ్. మూడు నెలలుగా అతని భార్య. డిపార్ట్‌మెంట్ లెక్కలో అయితే భార్య వేషంలో ఉన్న సహ ఏజెంట్.

"ఎలా సర్?"

"మార్కెట్లో మనవాళ్ళు చుట్టుముట్టారు. ఆగమంటే బ్యాగులో చెయ్యి పెట్టింది. తుపాకీ అనుకుని కాల్చారు."

"తుపాకీ ఉందా?"

"లేదు. గోళ్ళరంగు సీసా, ఒక చిన్న ఫ్యూజు. ఏదో కోడ్ అయ్యుంటుంది. కానీ లాకెట్లో మైక్ దొరికింది. ముఠావాళ్ళది. నీ అనుమానం కరెక్టే. వెల్‌డన్ మెకానిక్."

మెకానిక్ ఆ చివరి స్క్రూ లాగేశాడు. మొన్న పెట్రోల్ బంకులో ఆమె ఒక టోపీవాడితో గుసగుసలాడటం చూసి, ఆ సంగతి ఛీఫ్ చెవిన వేసింది తనే. పట్టుకుంటారనుకున్నాడు. ప్రాణం తీస్తారనుకోలేదు.

"ఇంకో మాట," అన్నాడు ఛీఫ్. "ఆమె కోసం రోడ్లన్నీ మూసేశాం కదా. మీ ఎస్కార్ట్ కూడా అందులోనే ఇరుక్కుంది. వచ్చేసరికి సాయంత్రమవుతుంది. ప్రొఫెసర్ జాగ్రత్త. ఓవర్."

ప్రొఫెసర్ వెనక మంచం మీద ఉన్నాడు. ఆ విదేశీ ముఠా ల్యాబ్ నుంచి పారిపోయి వచ్చిన పెద్దమనిషి. ఊళ్ళకు వెళ్ళే మంచినీళ్ళలో కలపడానికి వాళ్ళు తయారుచేసిన విషానికి విరుగుడు ఆయనొక్కడికే తెలుసు. అందుకే ఆయన్ని సరిహద్దు దాటించాలి. మంచం, వంటగది, స్నానాల గది అన్నీ ఉన్న మోటార్‌హోమ్‌లో కొడుకూ కోడలూ పెద్దాయన్ని సెలవులకు తిప్పుతున్నట్టు కవర్ స్టోరీ. గోళ్ళకు రంగు, నల్లకళ్ళద్దాలు, ఎత్తుమడమల చెప్పులు వేసుకున్న కోడలు అడుగుపెడితే పెట్రోల్ బంకంతా పని మానేసి చూసేది. కొడుకు వైపు ఎవరూ చూసేవారు కాదు. గూఢచారికి అంతకంటే ఏం కావాలి?

ప్రొఫెసర్ ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆక్సిజన్ మిషన్ నడవాలి. అది నడవాలంటే జనరేటర్ నడవాలి, బండి బ్యాటరీ ఆ మిషన్‌ను మోయలేదు. నిన్నటిదాకా శుభ్రంగా నడిచిన జనరేటర్ ఈ ఉదయం మొండికేసింది. ఇప్పుడు ఆయన పీలుస్తున్నది సిలిండర్ గాలి. ఒకటి అయిపోయింది, రెండోదాని ముల్లూ ఎర్రగీత మీద వాలబోతోంది.

మెకానిక్‌కు అంతా అర్థమైపోయింది. కనీసం అలా అనుకున్నాడు. జనరేటర్ పాడుచేసి, ఊపిరాడకుండా ముసలాయన్ని చంపడం, అదే ఆమె ప్లాను.

స్విచ్ నొక్కాడు. ఏ చప్పుడూ లేదు.

చప్పుడు లేకపోతే ఫ్యూజు. కంట్రోల్ బోర్డులో చూస్తే ఫ్యూజు ఉండాల్సిన చోట ఖాళీ. స్పేర్ ఫ్యూజు తీసి పెట్టాడు. మళ్ళీ నొక్కాడు. ఈసారి టిక్కుమని ఆగిపోయింది.

టిక్కుమని ఆగితే ఎర్త్. బోల్టు విప్పి, చాసిస్ నుంచి కేబుల్ ఊడదీశాడు. కేబుల్ చివర, కంటికి కనపడీ కనపడనంత పల్చగా, రంగులేని గోళ్ళరంగు. టిక్కుమనే రిలే వరకు కరెంటు పోతుంది గానీ మోటారు తిరగడానికి చాలదు. సాండ్‌పేపర్‌తో గీకాడు. కోపంతో గీకుతున్నాననుకున్నాడు. కళ్ళు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి.

ఈ చప్పుళ్ళ పాఠం ఆమెకు నేర్పింది తనే. పక్కన గొంతుకూర్చుని, కరెంటు కొలిచే మల్టీమీటర్ రెండు చేతులా పట్టుకుని బడిపిల్లలా అప్పజెప్పేది. "చప్పుడు లేకపోతే ఫ్యూజు. టిక్కుమంటే ఎర్త్. తిరిగీ అంటుకోకపోతే పంపు వైరు. అంతేనా, ఏమండీ?"

"ఇక్కడెవరూ లేరు. ఏమండీ అక్కర్లేదు."

"అలవాటు తప్పితే దొరికిపోతాం, ఏమండీ."

మూడోసారి నొక్కాడు. మోటారు గిరగిరా తిరిగింది, ఇంజిన్ మాత్రం అంటుకోలేదు. ఇక ఇంధనం తోడే పంపు వైరు. దాని తొడుగు వెనక్కి లాగితే లోపల తీగ తెగి ఉంది. తెగిన రెండు కొసలూ ఒకదానికొకటి తగలకుండా నల్లదారంతో పొందిగ్గా విడివిడిగా చుట్టి ఉన్నాయి. ఆమె అతని చొక్కా గుండీలు కుట్టిన దారమే అది. విప్పి, తీగలు కలిపి, టేపు చుట్టాడు. అయిపోయింది. ఇక నొక్కడమే తరువాయి.

"బాబూ..." వెనకనుంచి ప్రొఫెసర్ గొంతు సన్నగా వినబడింది. "కోడలింకా రాలేదా?"

"రాదండి," అన్నాడు మెకానిక్. వేలు స్విచ్ మీద పెట్టాడు.

"మంచిపిల్ల. ఈ రెండో సిలిండర్ నిన్న తనే మోసుకొచ్చింది. ఎందుకమ్మా ఇంత బరువంటే, ఉండనివ్వండి మామయ్యగారూ, రేపు అవసరమవుతుంది అంది."

వేలు స్విచ్ మీదే ఉండిపోయింది.

ఊపిరాడకుండా చంపదలుచుకున్న మనిషి సిలిండర్ ఎందుకు తెస్తుంది? జనరేటర్ నడవకూడదు, ముసలాయన బతకాలి. ఆమెకు రెండూ కావాలి. ఉదయం మార్కెట్‌కు వెళ్తూ తన భుజం తట్టి ఏమంది? "మీ చేతులు ఊరుకోవు. నేనొచ్చేదాకా ఏదీ విప్పకుండా బుద్ధిగా కూర్చోండి, ఏమండీ." మెడలో శత్రువు చెవి వేలాడుతుంటే, ఏ పెళ్ళామైనా అనే ఆ ఒక్క మాటే ఆమె అనగలిగింది.

వేలు మెల్లగా వెనక్కి తీశాడు. జనరేటర్ నుంచి బయటికి వచ్చే కేబుల్ వెంట తడుముకుంటూ వెళ్ళాడు. అక్కడొక వైరు ఎక్కువుంది. అది ప్రొఫెసర్ మంచం కిందికి పోయింది. మంచం కింద సబ్బుపెట్టెంత డబ్బా. జనరేటర్ అంటుకుని కరెంటు పుట్టిన క్షణాన పేలే బాంబు. కటింగ్ ప్లయర్‌తో ఆ వైరు కత్తిరించి, డబ్బాను దూరంగా ఉన్న కాలవలోకి విసిరేసి పరుగున వచ్చాడు.

సిలిండర్ ముల్లు ఎర్రగీత దాటింది. ప్రొఫెసర్ పెదవులు నీలమయ్యాయి. మెకానిక్ స్విచ్ నొక్కాడు.

జనరేటర్ ఒక్కసారికే అంటుకుంది. ఆక్సిజన్ మిషన్ గుర్రుమంది. ముసలాయన ముఖంలోకి రంగు తిరిగి వస్తుంటే అతను మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు.

"వాళ్ళు ఆమెను దేనితో లొంగదీశారు?" అన్నాడు, తనలో తను.

ప్రొఫెసర్ కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ల్యాబ్ వెనక గదిలో ఒక పిల్లను బంధించారు. పదహారేళ్ళుంటాయి. మా అక్క వస్తుంది అంటుండేది. నవ్వితే అచ్చం మీ ఆవిడే."

బాంబు పెట్టమన్నారు, పెట్టింది. లేకపోతే చెల్లెలు దక్కదు. అది పేలకుండా చూసుకుంది. లేకపోతే భర్త దక్కడు. జనరేటర్ పాతది, దానంతటదే చెడిపోయిందంటే ముఠావాళ్ళైనా నమ్ముతారు. మార్కెట్లో తుపాకులు ఎత్తినవాళ్ళకు ఆ ఫ్యూజే చూపించబోయింది కాబోలు. అర్థం చేసుకునేవాడు అక్కడ లేడు. అతనిక్కడ ఆమె కట్టిన ముడులు విప్పుతున్నాడు. అతను మోకాళ్ళ మీద తలపెట్టుకుని ఏడ్చాడు.

సాయంత్రం ఎస్కార్ట్ వచ్చింది, ప్రొఫెసర్ సరిహద్దు దాటాడు. ఆయన చెప్పిన గుర్తులతో కమాండోలు ల్యాబ్ మీద పడి, ముఠాను పట్టుకుని, ఆ పిల్లను ప్రాణాలతో బయటికి తెచ్చారు. అక్క గురించి చెప్పే పని మెకానిక్ అడిగి మరీ తీసుకున్నాడు. "మీరెవరు?" అని ఆ పిల్ల అడిగితే "మీ బావని" అన్నాడు.

వారం తిరక్కుండానే ఛీఫ్ పిలిచాడు. గదిలో కూర్చున్నంతసేపూ ఆయన మెకానిక్ కళ్ళలోకి చూడలేకపోయాడు.

"కొత్త మిషన్. మళ్ళీ కాపురం కవరే. భార్య వేషానికి వేరే ఏజెంట్‌ను..."

"వద్దు సర్," అన్నాడు మెకానిక్. చొక్కా గుండీకున్న నల్లదారాన్ని వేలితో తడుముకున్నాడు. "ఈసారికి భార్య పోయినవాడి వేషం ఇవ్వండి. మేకప్ ఖర్చు కూడా ఉండదు."