ఎదురుగాలి మోసేవాడు

శవం రోడ్డు పక్క కాలువలో బోర్లా పడి ఉంది.

ఆదివారం ఉదయం పది దాటినా సియెర్వా కనుమ మీద పొగమంచు లేవలేదు. మెదీనియా కోటగోడకు రెండు కిలోమీటర్ల ఎగువన, దిగేవారికి రోడ్డు కుడికి కొంకిలా తిరిగే మలుపు, నిండా కంకర. శవం ఎక్కేవారి పక్కనున్న కాలువలో. సైకిలు దిగేవారి పక్కన, చక్రం మెలికపడి. సైకిలుకు రెండు గజాల దూరంలో రొట్టెల వ్యాను. వ్యాను మెట్టు మీద, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య దాచుకుని, డ్రైవరు సతూరియో.

ట్రాఫిక్ విభాగం సార్జెంట్ కసిల్డా బెర్రోకాల్ అతని ముందు నిలబడింది.

"ఫోన్ చేసింది నువ్వేనా?"

"నేనే మేడం. చంపింది కూడా నేనే."

"చూశావా?"

"ఈ పొగలో నా చెయ్యే నాకు కనపళ్ళేదు. పై ఊళ్ళకి రొట్టెలిచ్చి దిగుతున్నా. కింద ధడేల్మంది. అడవిపంది అనుకున్నా. దిగి చూస్తే సైకిలు. వెతికితే... ఆయన."

"రోడ్డుకి నీ పక్కనే వస్తున్నావా? అవతలి పక్కకి పోయావా?"

"తెల్లగీత కూడా కనపళ్ళేదు మేడం. ఏ పక్కనైతే ఏంటి? రాసుకోండి. నేనే గుద్దాను."

అడగకముందే ఒప్పుకునేవాడు దొరికితే పోలీసుకు పండగ. కసిల్డాకు మాత్రం అన్నంలో రాయి పంటి కింద నలిగినట్టయింది.

చనిపోయిన మనిషి పేరు బ్రౌలియో. అరవై మూడేళ్ళు. మైదానంలోని పలోమార్ ఊరివాడు. తాపీ పని మానుకున్నాడు గానీ సైకిలు మానుకోలేదు. ప్రతి ఆదివారం ముగ్గురు మిత్రులు పలోమార్‌లో బయలుదేరతారు. మైదానం దాటి మెదీనియా చేరి, కనుమ ఎక్కి, కొండకొసన చిన్న చర్చి దగ్గర వెనుదిరిగి, అదే దారిన దిగి, కోటద్వారం పక్క ఉర్సులా హోటల్లో తిని, మళ్ళీ మైదానం మీదుగా ఇల్లు చేరతారు. ఇరవై ఆరేళ్ళుగా అదే దారి. అవే మూడు సైకిళ్ళ నీడలు.

మిగిలిన ఇద్దరూ హోటల్ ముందే దొరికారు. ఒకడు గాస్పర్, పలోమార్‌లో మందుల షాపు యజమాని. రెండోవాడు తోమే, బ్రౌలియో చెల్లెలి మొగుడు.

స్టేట్‌మెంట్ గాస్పర్ ఇచ్చాడు.

"ఎక్కేటప్పుడే వెనకబడిపోయాడండీ. 'మీరు పొండి, నేను మెల్లగా వస్తా' అన్నాడు. చర్చి దాకా మేమిద్దరమే."

"దిగేటప్పుడు కనపడలేదా?"

"పొగ కదండీ. ఇంటికి తిరిగి పోయాడేమో అనుకున్నాం."

"మీరు, తోమే?"

"అంతే. ఆయన చెప్పిందే." తోమే చూపు బూట్ల మీద నుంచి లేవలేదు.

లెక్క కుదిరింది. ఎక్కుతున్న మనిషి, ఎక్కేవారి పక్కన శవం, పొగలో పక్క మారి గుద్దిన వ్యాను. మధ్యాహ్నానికి ఫైలు మూతపడింది. సతూరియో లాకప్‌లో కూర్చున్నాడు. మర్నాడు సాయంత్రం జడ్జి ముందు నిలబెట్టాలి. ఆ తరువాత జైలు. ఎలా చూసినా లైసెన్సు పోతుంది.

పోయేది లైసెన్సు ఒక్కటే కాదు. కనుమ పైన నాలుగు పల్లెలు. ఒక్కో పల్లెలో ఐదారుగురు ముసలివాళ్ళు. దుకాణం లేదు, బడి లేదు, బస్సు లేదు. రోజూ పైకి వెళ్ళేది ఆ వ్యాను ఒక్కటే. సాయంత్రం బేకరీ యజమానికి కసిల్డా ఫోన్ చేసింది.

"ఇంకో డ్రైవర్నా? జాలికొద్దీ నడిపిన రూటండీ అది. ఇక చాలు," అని అతను పెట్టేశాడు.

*

సోమవారం ఉదయం తొమ్మిది. జిల్లా ఆసుపత్రి మార్చురీ.

పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ బరహోనా చేతి తొడుగులు విప్పుతూ చెప్పాడు. "పుర్రె చిట్లింది. లోపల నెమ్మదిగా రక్తం కారింది."

"అంటే వెంటనే పోలేదా?"

"లేదు. ఓ గంట బతికి ఉంటాడు. ముందే తెచ్చి ఉంటే..."

"వ్యాను తగిలిన గుర్తులు?"

"విడిగా ఏం లేవు. అన్నీ రోడ్డు మీద పడి దొర్లిన దెబ్బలే. వ్యాను సైకిలుకి తగిలి మనిషి ఎగిరిపడ్డా ఇలాగే ఉంటాయి. అయినా డ్రైవరే ఒప్పుకున్నాడుగా?"

"ఒప్పుకున్నాడు."

బట్టల సంచీ ఆమె చేతికొచ్చింది. జెర్సీ, నిక్కరు, బూట్లు, చేతి తొడుగులు. అడుగున, మడిచిన వార్తాపత్రిక.

"ఇదెక్కడిది?"

"జెర్సీ లోపల, ఛాతీ మీద ఉంది. పొద్దున్నే చలికి ఇంటి దగ్గరే పెట్టుకుని ఉంటాడు పాపం. ముసలాళ్ళ అలవాట్లు!"

కసిల్డా పత్రికను బల్ల మీద పరిచింది. శనివారం నాటిది. రెండే మడతలు. ఇస్త్రీ చేసినట్టు ఉంది. లోపలి బనియను వేళ్ళతో తడిమింది. చెమటకు తడిసి, ఆరి, అట్టకట్టింది.

పత్రికను మళ్ళీ అవే మడతల్లో మడిచింది. కారు తాళాలు తీసుకుంది.

*

ఉర్సులా కౌంటరు తుడుస్తోంది. డెబ్భై ఏళ్ళ మనిషి. నోటికి తాళం లేదు.

"రా అమ్మాయ్. పోలీసులకి కాఫీ ఫ్రీ కాదు, ముందే చెప్తున్నా."

"నిన్న వాళ్ళిద్దరూ ఎన్నింటికి వచ్చారు?"

"తొమ్మిదికి పదిహేను నిమిషాలుంది. అప్పుడే రేడియోలో వాతావరణం చెప్తున్నారు."

"ఎలా ఉన్నారు?"

"తోమే ఎప్పటిలాగే, గోడ మీది గడియారంలా. గాస్పర్ మాత్రం లాటరీ తగిలినోడిలా! ఇన్నేళ్ళలో ఆయన పళ్ళన్నీ ఒక్కసారిగా చూళ్ళేదు నేను. వేయించిన పందిముక్కలు రెండోసారి కూడా అడిగాడు."

"బ్రౌలియో ఏడని అడిగావా?"

"అడక్కుండా ఉంటానా? 'వస్తాడు వస్తాడు, ఇవాళ గాలి మోసేది వాడే' అన్నాడు."

కసిల్డా కప్పు కింద పెట్టింది.

"అదే మాటన్నాడా?"

"అదే మాట. వాళ్ళ పందెం నీకు తెలీదూ? కనుమ దిగి ఊరి పేరు బోర్డు దాకా పరుగు. ఎవడు ఆఖరైతే, ఇంటికెళ్ళేటప్పుడు మైదానంలో వాడు ముందు తొక్కాలి. ఎదురుగాలంతా వాడి ఛాతీకి. మిగతావాళ్ళు వాడి వెనక నీడపట్టున పోతారు. గాస్పర్ ఇన్నేళ్ళూ మోస్తూనే ఉన్నాడు. వాడి మొహం మీద ముడతలు వయసువి కావమ్మా, గాలివి."

"ఈ మాట నిన్న మాకెందుకు చెప్పలేదు?"

"మీరడిగింది వ్యాను గురించి. గాలి గురించి ఎవరడిగారు?"

*

మధ్యాహ్నం పన్నెండు. అదే హోటల్. కసిల్డా తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టించింది. ఒక బల్లకు అటు గాస్పర్, తోమే. ఇటు ఆమె. మధ్యలో వార్తాపత్రిక.

"ఇది బ్రౌలియో ఛాతీ మీద దొరికింది. ఎందుకు పెట్టుకున్నాడు?"

"చలికి," అన్నాడు గాస్పర్.

"ఎప్పుడు?"

"పొద్దున బయల్దేరేటప్పుడే పెట్టుకుని ఉంటాడు."

"మీరు అలా పెట్టుకుంటారా?"

ఇరవై ఆరేళ్ళు సైకిలు తొక్కిన గాస్పర్‌కు, ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పడం కూడా చేతకాలేదు.

"మా నాన్న సైకిలు పందేలు తొక్కేవాడు," అంది కసిల్డా. "జేబులో మడిచిన పత్రిక లేకుండా కొండ ఎక్కేవాడు కాదు. ఎక్కినంతసేపూ అది జేబులోనే. కొండకొసన ఆగి, ఛాతీకి పెట్టుకుని, అప్పుడు దిగేవాడు. దిగేటప్పుడు గాలి చెమట ఛాతీని కోసేస్తుంది కనక. ఎక్కేటప్పుడు లోపల పెట్టుకుంటే ఏమవుతుంది, తోమే?"

తోమే పెదవులు కదిలాయి. "ముద్దవుతుంది."

"బనియను చూశాను. పిండితే కారేంత చెమట పట్టి ఆరింది. పత్రిక చూడండి. ఒక్క నలుగుడు లేదు. ఇతను ఎక్కుతూ చావలేదు. కొస దాకా ఎక్కాడు. మీతోనే ఆగాడు. మీతోనే దిగాడు."

కసిల్డా పత్రికను గాస్పర్ ముందుకు జరిపింది.

"పందెంలో ఓడినవాడే గాలి మోయాలి. ఎక్కేటప్పుడు వెనకబడిపోయినవాడు పందెంలోనే లేడు. మరి ఇక్కడ కూర్చుని 'ఇవాళ వాడే మోస్తాడు' అని ఎలా అన్నారు, గాస్పర్ గారూ?"

గాస్పర్ ఉర్సులా వైపు చూశాడు. ఉర్సులా గిన్నెల వైపు చూసింది.

"దిగేటప్పుడు ముందు ఎవరున్నారు?"

"నేను."

"తరవాత?"

"బ్రౌలియో. నా చక్రానికి అతుక్కుని. తోమే దూరంగా, చివర్న."

"మలుపులో కంకర ఉంది. ముందున్నవాడు చెయ్యి కిందికి చూపించి వెనకవాళ్ళని హెచ్చరించాలి. చూపించారా?"

"కనపడ్డం ఆలస్యమైంది. చెయ్యి తియ్యాలనుకున్నా." అతను తన కుడిచెయ్యిని, అది ఇంకెవరిదో అన్నట్టు, చూసుకున్నాడు. "తియ్యలేదు."

"పడ్డట్టు తెలిసిందా?"

"వినపడింది. ఒళ్ళు రోడ్డుకి అడ్డంగా అవతలి కాలువ దాకా గీసుకుపోయిన చప్పుడు."

"మరి ఆగలేదేం?"

దొరికిన జవాబు గాస్పర్‌కే నచ్చలేదు.

"నేను ముందున్నానమ్మా."

గాస్పర్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వాడి వీపు చూడకుండా బోర్డు దాటాలని..." అతను ఆగిపోయాడు. "లేచి వస్తాడనుకున్నా. వాడెప్పుడూ లేచేవాడు."

కసిల్డా తోమే వైపు తిరిగింది. "వెనక వస్తున్నది మీరు. చూడలేదా?"

"చక్రం తిరగడం చూశా. కాలువలోంచి బావ గొంతు వినపడింది. బూతులు తిడుతున్నాడు. నన్నో, గాస్పర్నో, కంకర్నో." తోమే ముక్కు తుడుచుకున్నాడు. "తిడుతున్నాడంటే బాగున్నట్టే అనుకున్నా. నవ్వొచ్చింది కూడా. 'గాలి నీదే బావా!' అని అరిచి వచ్చేశా."

"ఆ తరవాత ఇక్కడ గంటసేపు తిన్నారు."

"అలిగి మెల్లగా వస్తున్నాడనుకున్నాం. ఆ తర్వాత మీ జీపు పైకి పోవడం చూశాం. వ్యాను గుద్దిందన్నారు. అప్పుడు గాస్పర్ అన్నాడు, ఇక మనం చెప్పి లాభం లేదని."

"మందుల షాపు మీది," కసిల్డా గాస్పర్‌ను అడిగింది. "తల దెబ్బ తగిలినవాడు మొదట బాగానే మాట్లాడతాడని మీకు తెలీదా?"

"తెలుసు." గాస్పర్ కళ్ళు మూసుకున్నాడు. "రెండో ప్లేటు తినేటప్పుడు గుర్తొచ్చింది."

"అయినా లేవలేదు."

"అప్పటికే ఆలస్యమైందేమో అని భయమేసింది. కాలేదనుకుందామని కూర్చున్నా."

ఆమె ఇద్దరి స్టేట్‌మెంట్లూ మళ్ళీ తీసుకుంది. సంతకాలు పెట్టించింది. తోమే కలం కింద పెట్టాడు. "మా ఆవిడకి వాడొక్కడే అన్న," అన్నాడు. "ఆమెకి మీరే చెప్తారా?"

"లేదు. మీరే చెప్పాలి."

సాటిమనిషిని ఆపదలో వదిలేయడం నేరమే. కానీ ఆపదని తెలిసి వదిలేశారని నిరూపించాలి. పడిపోయి, నోరారా తిట్టిన మనిషి. మంచి లాయరు ఒక్క పూటలో బయటికి తెస్తాడు. కసిల్డాకు అది తెలుసు. గాస్పర్‌కూ తెలుసు. ఆ తెలివిడి అతని మొహంలో ఏ వెలుగూ తేలేదు.

*

సాయంత్రం నాలుగు. ఆమె లాకప్ తలుపు తానే తెరిచింది.

"నువ్వు వెళ్ళచ్చు, సతూరియో. నువ్వు గుద్దింది రోడ్డు మీద పడి ఉన్న ఖాళీ సైకిల్ని. నీ పక్కనే వచ్చావు. నీ తప్పేం లేదు."

అతను బెంచీ మీద కదలలేదు.

"మరి ఆయన?"

"అంతకు ముందే పడిపోయాడు. తొమ్మిదికి ఇరవై నిమిషాలుండగా."

"నేను దిగింది తొమ్మిదీ ముప్పావుకి."

"అవును. అప్పటికే పోయాడు. అందుకే చెప్తున్నా, నువ్వు చంపలేదు."

సతూరియో తల ఊపాడు. మళ్ళీ ఊపాడు. లోపల ఏదో లెక్క వేసుకుంటున్నాడు. ఆ లెక్క ఎక్కడ తేలుతుందో కసిల్డాకు అర్థమైంది.

"నేను పైకి పోయింది తొమ్మిదికి మేడం."

ఆమె తాళం జేబులో వేసుకుంది.

"ఎక్కేవాళ్ళ పక్కనేగా ఆయన పడుంది? నా చక్రానికి గజం దూరంలో."

"పొగలో నీకు కనపడదు."

"కనపళ్ళేదు. బతికే ఉన్నాడా అప్పుడు?"

అబద్ధం చెప్పవచ్చు. నోటి దాకా వచ్చింది.

"ఉన్నాడు," అంది.

"ఆ మలుపులో నేను హారన్ కొట్టాను మేడం. పొగ కదా, ఎదురు ఎవరన్నా వస్తారేమో అని. రెండుసార్లు, గట్టిగా." అతను తలెత్తి చూశాడు. కళ్ళు పొడిగా ఉన్నాయి. "తన కోసమే ఎవరో వచ్చారనుకుని ఉంటాడు కదూ?"

తలుపు బార్లా తెరిచే ఉంది. అతను లేవలేదు.