తాళాలాయన చివరి తాళం

సర్వర్ రూమ్ తలుపు తెరవగానే ముందు చలి మీదపడింది. ఆ తర్వాతే శవం కనిపించింది.

చనిపోయింది ఆ వెబ్ హోస్టింగ్ ఆఫీసు సీనియర్ అడ్మిన్. అందరికీ ఆయన తాళాలాయన. వెబ్‌సైట్ అడ్రసు పక్కన చిన్న తాళం బొమ్మ ఉంటుంది కదా, మనం పంపే మాట దారిలో ఎవరి కంటా పడదని హామీ ఇచ్చేది, ఆ తాళానికి కావలసిన సర్టిఫికెట్లన్నీ ఆయన చేతిమీదుగానే పడేవి.

మంటలార్పే గ్యాస్‌ని ఎవరో బయటి నుంచి గదిలోకి వదిలారు. ఎలక్ట్రానిక్ లాక్ తెరుచుకోలేదు. ఆ చలిలో చావువేళ చెప్పడం కష్టమన్నాడు డాక్టర్. గదిలోపలి కెమెరా మాత్రం కచ్చితంగా చెప్పింది. మధ్యాహ్నం 3:10.

ఆ వేళకి ఓనర్ ఊరి అవతల క్లయింట్లతో మీటింగులో ఉన్నాడు. ఆఫీసులో ఉన్నది జూనియర్ అడ్మిన్ ఒక్కతే. గ్యాస్ స్విచ్ ఆమె కుర్చీ వెనకే.

"సైరన్ మోగలేదా?" అడిగింది సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్.

"నాకేం వినపడలేదు మేడమ్. ఐదున్నరకి ఇంటికెళ్ళేదాకా అక్కడే ఉన్నా. ఒట్టు!"

"గది బద్దలయ్యేలా మోగే సైరన్ నీకొక్కదానికే వినపడలేదా?"

ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆయన్ని బాబాయ్ అనేదాన్ని మేడమ్..."

ఇన్‌స్పెక్టర్ సర్వర్ రూమ్‌లో ఒంటరిగా నిలబడింది. కిటికీ లేని గది. పగలో రాత్రో తెలియదు. ఫ్యాన్ల హోరు ఎవరో గొంతు తగ్గించి ఆగకుండా ఏదో చెప్పుకుపోతున్నట్టుంది. స్క్రీన్ మీద ఇంకా ఆయన పేరే ఉంది.

తాళాలాయన భార్య ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చింది.

"ఆయన మూడింటికి పోలేదమ్మా. ఇదిగో, ఆ రోజు సాయంత్రం ఐదూ యాభైకి మెసేజ్ పెట్టారు."

'తాళం వేశాను. ఇక భయం లేదు.'

"అక్కా, కొత్త సర్టిఫికెట్ ఆయన వేసినా, గడువుకి దానంతటదే పడినా మెషీన్ పంపే మెసేజ్ ఇది," అంది ఇన్‌స్పెక్టర్.

"తెలుసమ్మా. ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నాయి. మొన్న కూడా ఒకటొచ్చింది, ఆయన పోయిన మూడో రోజున. చదివి, తెలియకుండానే రెండో కంచం కూడా పెట్టేశాను." ఆవిడ ఫోన్ వంకే చూస్తోంది. "మెషీనే అనుకో. కానీ ఆయన ఉండగా ఏ ఒక్కటీ ఆలస్యంగా రాలేదు."

"మెసేజ్‌లు దారిలో ఇరుక్కుంటాయి మేడమ్," అన్నాడు అక్కడే ఉన్న ఓనర్ తేలిగ్గా. "మూడు గంటల ఆలస్యం ఒక లెక్కా?"

లెక్కే. ఇన్‌స్పెక్టర్‌కి నిద్ర పట్టలేదు. కళ్ళు మూస్తే చాలు, కంచం ముందు ఖాళీ పీట కనిపించింది.

రెండు రోజుల తర్వాత ముగ్గుర్నీ ఆఫీసుకి పిలిచింది.

"ఆ రోజు ఆయన వేసిన తాళం, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళు సాయం కోసం రాసుకునే వెబ్‌సైట్‌ది. అంతకుముందు వారం, దాక్కున్న ఒకామెని మొగుడు నేరుగా వచ్చి ఈడ్చుకుపోయాడు. ఆమె అడ్రసు రాసింది ఆ సైట్‌లో మాత్రమే."

"తాళం ఉందిగా మేడమ్?" అంది జూనియర్.

"తాళం ఉంది. తాళంచెవికి నకలు కూడా ఉంది. అది చేతిలో ఉంటే మధ్యలో దొంగ సర్వర్ పెట్టి, అసలు సైట్ ఇదేనని నమ్మించొచ్చు. తాళాలాయన అది పసిగట్టారు. సర్టిఫికెట్‌కి ఇంకా గడువు ఉన్నా సరే, తాళమూ చెవీ రెండూ మార్చడానికి కూర్చున్నారు."

ఓనర్ వాచీ చూసుకున్నాడు.

"మంచి పని చేశారు. మీరు చూడాల్సింది గడియారమే," అంది ఇన్‌స్పెక్టర్. "సర్టిఫికెట్ ఈ గదిలో పుట్టదు. బయటి సంస్థ సంతకం పెట్టి పంపుతుంది. ఆ సంతకంలో వాళ్ళ గడియారం టైమే ఉంటుంది, మనం చెరపలేం. సంతకం పడింది ఐదూ యాభైకి. కానీ ఈ సర్వర్‌లో ఆ ఫైల్ చేరిన టైమ్ రెండూ యాభై. బిడ్డ పుట్టకముందే ఇంటికెలా వచ్చిందండీ?"

"ఈ సర్వర్ గడియారాన్ని మూడు గంటలు వెనక్కి తిప్పారు. కెమెరాకి టైమిచ్చేదీ అదే గడియారం. అంటే గ్యాస్ వదిలింది 3:10కి కాదు, 6:10కి. అప్పటికి ఈ పిల్ల ఇల్లు చేరింది. మీరు మీటింగ్ నుంచి వచ్చేశారు. పని అయ్యాక గడియారం సరిచేశారు, అసలు మధ్యాహ్నం రికార్డింగ్ తుడిచేశారు. ఆయన అప్పటికే కొత్త తాళం వేసేశారని మాత్రం మీకు తెలియలేదు."

"నేనెందుకు..."

"ఆ మొగుడి ఇంట్లో దొంగ సర్వర్ దొరికింది. చెవి నకలుతో సహా మీరే అమ్మారని చెప్పాడు. అది బయటపడుతుందనే ఆయన్ని చంపారు."

కానిస్టేబుల్ వచ్చి ఓనర్ భుజం మీద చెయ్యేశాడు.

తాళాలాయన భార్య లేచి సర్వర్ రూమ్‌లోకి నడిచింది. ఇన్‌స్పెక్టర్ వెనకే వెళ్ళింది.

"సైరన్ మోగాక... ఎంతసేపు ప్రాణంతో ఉన్నారమ్మా?"

అబద్ధం చెప్పడం తేలిక. ఇన్‌స్పెక్టర్ చెప్పలేకపోయింది.

"రెండు నిమిషాలు ఉండొచ్చక్కా."

"తలుపు బాదుకున్నారా?"

"లేదు. తలుపు మీద బాదిన గుర్తు ఒక్కటీ లేదు. ఆయనకేం తెలియలేదేమో, కూర్చున్నచోటే పోయారేమో అనుకున్నాం. ఇవాళ పొద్దున ఆ బయటి సంస్థ నుంచి జవాబొచ్చింది. కొత్త తాళం వేసినా, పాతది రద్దు చేసేదాకా నకలు పనిచేస్తూనే ఉంటుంది. రద్దు చేయమని ఆయన పంపిన ఆర్డర్ వాళ్ళకి చేరింది 6:11కి."

"అంటే... ఊపిరాడకపోతున్నా..."

"అవునక్కా. టైప్ చేశారు."

ఆవిడ కీబోర్డు దగ్గరికెళ్ళింది. తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆ ఆడవాళ్ళలో ఒక్కరైనా ఆయనకి తెలుసా?"

"తెలియదు. ఒక్కరూ తెలియదు."

ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి. ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"ఇంత చలిలో ఎలా కూర్చునేవారో," అంది.