శిలాదంతి గుహలో మొలక

సువర్ణమేడి రాజ్యంలో ఏళ్ల తరబడి ఒక్క విత్తనమూ మొలవలేదు. నల్లకొండ గుహలో చేరిన శిలాదంతి అనే రాక్షసి పెట్టిన శాపం అది. ఆ గుహలో ఒక్క గింజ మొలకెత్తినా శాపం విరిగిపోతుంది. అందుకోసం వెళ్లిన వాళ్లందరినీ రాక్షసి గింజలుగా మార్చేసింది. మేకలు కాచుకునే పైడికి అమ్మానాన్నలు లేరు, అక్క వీరమ్మే సర్వస్వం. ఆ వీరమ్మా వెళ్లి తిరిగి రాలేదు.

"ఇక ఎవరూ వెళ్లరాదు" అని రాజు చాటింపు వేయించాడు. ఒకరి మాట వినే రకమా పైడి! డప్పు మోగుతుండగానే నీళ్లబుర్ర భుజాన వేసుకుని అడవిదారి పట్టింది.

అడవిలో పిట్ట కూత లేదు. గుహ ముందు రాక్షసికి కాపలాగా దున్నపోతంత ఏదుపంది ముళ్లు నిక్కబొడుచుకుని నిలబడింది.

"మా అక్క ఏదీ?" అంది పైడి.

ఏదుపంది పిడికెడు గింజలు విసిరింది. "వీటిలో ఒక్కటే మీ అక్క. తక్కినవన్నీ మాయవి. తప్పుదాన్ని పట్టుకున్నావో, నువ్వూ గింజవే!"

పైడి రాతిగుంటలో నీళ్లు పోసి గింజలన్నీ వేసింది. తాలువి పైకి తేలాయి. మునిగినవాటిలో మొలక వచ్చే కన్ను పురుగు తొలవకుండా ఒక్కదానికే ఉంది. దాన్ని తీసుకోగానే ఏదుపంది గుర్రుమంటూ దారి ఇచ్చింది.

గింజ పెంకు రాయిలా గట్టిగా ఉంది. మేక కడుపులో నానితే గాని తుమ్మగింజ మొలవదని మేకల కాపరికి ఎవరు చెప్పాలి? పైడి కన్ను జోలికి పోకుండా గింజ వీపును బండకు అరగదీసి, నానబెట్టి, గుహలోని తడిమట్టిలో పాతింది.

అంతలో శిలాదంతి వచ్చింది. తడి తగిలిన గింజను ముట్టుకునే శక్తి దానికి లేదు. అందుకే పైడి చెవి దగ్గర పళ్లు పటపటలాడించింది. "తవ్వి చూడవే! లోపల కుళ్లిపోయింది!"

పైడి కళ్లు గట్టిగా మూసుకుంది. కళ్లు తెరిచేసరికి మట్టి పగిలి, తెల్లటి వేరొకటి చిటికెనవేలిలా బయటికి వచ్చి కదులుతోంది.

"చెల్లీ, ఊపిరాడటంలేదే! నా చెయ్యి పట్టుకుని లాగవే!"

అది వీరమ్మ గొంతు. పైడి చెయ్యి చాచింది, మళ్లీ వెనక్కి తీసుకుంది. "లాగనక్కా, లాగను. వేరు లాగితే మొలక చచ్చిపోతుంది" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. పిలుపు క్రమంగా సన్నగిల్లి ఆగిపోయింది. శిలాదంతి పగలబడి నవ్వింది.

వేరు మెల్లగా కిందికి వంగి మట్టిలోకి దిగింది. పెంకు రెండుగా విచ్చుకుంది. వంచిన తల ఎత్తుతూ వీరమ్మ లేచి నిలబడింది. రాక్షసి నవ్వుతున్న నోటితోనే పొడిపొడిగా రాలిపోయింది. గుహలోని గింజలన్నీ మనుషులై లేచాయి.

పైడి అక్కను వాటేసుకుంది. "ఆ రాక్షసి అచ్చం నీ గొంతుతో పిలిచిందే అక్కా!"

"రాక్షసి కాదే. పిలిచింది నేనే" అంది వీరమ్మ. "ప్రాణం పోతోందనుకుని పిలిచాను. నువ్వు లాగి ఉంటే నిజంగానే పోయేది."

రాజ్యమంతా పచ్చబడింది. పిల్లలు లేని రాజు ఆ అక్కాచెల్లెళ్లకే పట్టం కట్టాడు. వాళ్లు చల్లగా ఏలుతుంటే, ప్రజలు కడుపునిండా తిని హాయిగా బతికారు.