ఆత్మకూరులో పగడపు దిబ్బల దినోత్సవం

గద్వాల దగ్గరి ఆత్మకూరు నుంచి ఎటు బయల్దేరినా సముద్రం చేరాలంటే ఒక పగలంతా బస్సులో కూర్చోవాలి. అయినా సరే, ఊళ్లోని ప్రైవేటు డిగ్రీ కాలేజీ పగడపు దిబ్బల పరిరక్షణ దినోత్సవం జరపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దిబ్బలను ఎలా కాపాడాలో అందులో లేదు. అప్‌లోడ్ చేయాల్సిన ఫొటోల సైజు మాత్రం వివరంగా ఉంది.

ఆ భారం జువాలజీ చెప్పే యమున మీద పడింది. చేరి ఏడాది కాలేదు, కొలువు ఇంకా ఖాయం కాలేదు. ఇంటర్నెట్‌లో కంటికి నచ్చిన బొమ్మ ఒకటి ఫోన్‌లోకి దించుకుని బస్టాండు పక్కనున్న ఫ్లెక్సీ షాపుకు పరుగెత్తింది.

కంప్యూటర్ ముందున్న జయపాల్ ఆ బొమ్మ చూసి చేయి ఆపేశాడు.

“ఇది వద్దు మేడం.”

“ఎందుకు? ఎంత తెల్లగ, ముద్దుగ ఉంది!”

“గందుకే వద్దు. పగడం తెల్లగైందంటే పానం మీదికొచ్చినట్టు. ‘నిండు నూరేళ్లు బతుకు’ అని రాసి ఐసీయూ ఫొటో పెడ్తరా?”

యమునకు ఒళ్లు మండింది. “జువాలజీ సదివింది నువ్వా, నేనా?”

“మీరే సదివిండ్రు. నేను జర సూసిన, గంతే.”

పెద్దమందడి నుంచి కూలికి పోయిన జయపాల్ మూడేళ్లు దూరపు దీవుల్లో ఓడరేవు కట్టే పని చేశాడు.

“నీళ్లల్ల పూలతోట లెక్కుండె మేడం. ఒక ఎండకాలం నీళ్లు కాగినయి. పదిహేను దినాలల్ల అన్నీ తెల్లవడ్డయి. వాటికి తిండి పెట్టే నాచు ఒంట్లకెల్లి పోతదట. కొన్ని మల్ల కోలుకుంటుండె. గంతలనే వాటి మీద బండలు వోసినం. ఈ చేతుల్తోనే.”

చెప్పి, మళ్లీ మౌస్ పట్టుకున్నాడు. యమున అతని చేతులు చూసింది. ఫ్లెక్సీకి ఆర్డరు ఇవ్వకుండానే ఫోన్ తీసుకుని బయటికి నడిచింది.

ఇంటికి పోయి పుస్తకాలు తిరగేస్తే అతని ప్రతి మాటా నిజమే. మర్నాడు రంగుల పగడాల బొమ్మతో ప్రిన్సిపాల్ గోపాలయ్య ముందు నిలబడింది.

“తెల్లదే ఉండనీ అమ్మా,” అన్నాడాయన. “తెలుపు మీదనైతేనే ముఖ్య అతిథి మొకం మంచిగ కనవడ్తది.”

సభనాటికి ఫ్లెక్సీ మీద ముఖ్య అతిథి మొహం ట్రాక్టరు టైరంత ఉంది. పగడాలు ఆయన చెవి కింద ఎక్కడో నక్కాయి.

“మన ఆడబిడ్డల మెడలల్ల పగడాలు ఎవ్వడు ముట్టినా ఊకోం!” అని గర్జించాడాయన. చప్పట్లు మోగాయి. ముందు వరుసలోని ఆయా తన పగడాల దండను చటుక్కున కొంగు కింద దాచుకుంది.

యమున ఇక ఆగలేకపోయింది. ఫ్లెక్సీ తాళ్లు బిగిస్తున్న జయపాల్ దగ్గరకు దిగి వచ్చింది.

“మీరు స్టేజి మీదికి రావాలె.”

“నాకు మాట్లాడుడు రాదు మేడం!”

“సూసింది సెప్పుండ్రి, సాలు.”

మైకును రెండు చేతులతో పట్టుకుని జయపాల్ చెప్పాడు. చేపపిల్లలు దాగేది ఆ దిబ్బల్లోనే. పెద్ద అలలను ఒడ్డుకు రానీయకుండా విరిచేవీ అవే.

“సముద్రం మనకేడిదన్నా? మనకేంది?” అని వెనక నుంచి ఎవరో అరిచారు.

“చేన్లు ఎండితే మనం ఏడికి వోయినం? బొంబాయికి, దీవులకు. దిబ్బలు సస్తే చేపలు వోతయి. అప్పుడు ఆడి జనం ఏడికి వోవాలె?”

ఆ హాల్లో వలస పోని ఇంటి మనిషి ఒక్కరూ లేరు.

మర్నాడే యమునకు మెమో వచ్చింది. అర్హత లేని వ్యక్తిని వేదిక ఎక్కించినందుకు సంజాయిషీ కావాలట. దాన్ని టైపు చేయించడానికి ఆమె నేరుగా ఫ్లెక్సీ షాపుకే పోయింది.

“రాయుండ్రి. ‘ఆ వేదిక మీద పగడాన్ని కళ్లారా చూసినవాడు ఆయనొక్కడే.’ గంతే.”

బయట వాన అందుకుంది. జయపాల్ తల ఎత్తలేదు. “గిట్ల రాస్తే మీ కొలువు వోతది.”

“పోతే గద్వాలకు పోయి మా నాయిన పక్కన మగ్గం మీద కూసుంట. గది ఇడ్సుండ్రి. నాకు బతికున్న పగడాన్ని సూపిస్తరా?”

“ఇంక కొన్ని బతికే ఉన్నయి. తోల్కపోత. కాని మా అమ్మ ఊకోదు మేడం. లగ్గం చేస్కొని పొమ్మంటది.”

ప్రింటు తీసిన కాగితం మీద యమున సంతకం చేసింది. పెదవుల చివర నవ్వు ఆగడం లేదు.

“మేడం అనుకుంటనే లగ్గం అడుగుతరా?”

“మరేమనాలె?”

“యమునా అనుండ్రి. ఆదివారం మీ చర్చిల ప్రార్థన అయినంక అమ్మను తీస్కొని గద్వాలకు రాండ్రి. మా నాయినకు జర కోపమెక్కువ. భయపడకుండ్రి, పక్కన నేనుంట.”