ముప్పై ఒక్కసార్లు తెరిచిన తలుపు

ఎనిమిదో బొత్తం కూడా ఫట్‌మని విరిగింది.

ప్రెసిడెంట్ మేడమ్ రెండు ముక్కల్నీ బల్ల మీద పెట్టి, మెకానిక్ వైపు తిరిగింది. ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. ఆ చూపు ముందు ఎవరికైనా హోమ్‌వర్క్ చేయలేదేమో అనిపిస్తుంది.

"నిన్న ఈ ఓవెన్ బాగుచేసింది నువ్వే కదా బాబూ?"

"నేనేనండీ."

"మరి ఇదేంటి?"

"డాక్టర్ గారు నాడి చూడకుండానే మందు రాసేసినట్టున్నారత్తా," అంది హాలు చివరి బల్ల దగ్గర్నుంచి ఒక గొంతు.

చిట్టి. మేడమ్‌కి మేనకోడలు. మెకానిక్‌ని ఎప్పుడు పిలిచినా 'డాక్టర్ గారు' అనే పిలుస్తుంది. అతను మూడు వారాలుగా ఆ పిలుపు కోసమే ఎదురుచూస్తున్నాడు. కానీ ఇవాళ మాత్రం చురుక్కుమంది.

హాలులో పన్నెండు మంది ఆడవాళ్ళు, ఒక్కరూ నవ్వలేదు. ఇది పాలిమర్ క్లే గిల్డ్. శనివారం శనివారం ఇక్కడ చేరి, ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే రంగురంగుల క్లేతో పూసలు, లోలాకులు, బొత్తాలు చేస్తారు. ఏడాదికోసారి ఎగ్జిబిషన్ పెట్టి, వచ్చినదానితో చేతిపని మీదే బతికే ఒక మహిళకి ఓవెన్ కొనిస్తారు. ఈ ఏడు వంతు బొత్తాలక్కది. భర్త మంచాన పడ్డాక ఆ ఇల్లు ఆమె చేసే బొత్తాల మీదే నడుస్తోంది. ఒక బట్టల షాపువాళ్ళు నెలనెలా ఆర్డర్ ఇస్తామన్నారు. సొంత ఓవెన్ ఉంటేనే.

అయితే మేడమ్ పెట్టిన పరీక్ష ఒకటుంది. వంద పలుచని బొత్తాలు కాల్చాలి. సరిగా కాలితే వేళ్ళ మధ్య వంచినా వంగుతాయే తప్ప విరగవు. విరిగితే ఓవెన్ లేదు. కిందటేడు ఓవెన్ తీసుకున్నావిడ క్లేని మాడ్చి ఇల్లంతా పొగ చేసింది. అప్పట్నుంచీ ఈ రూలు.

బొత్తాలక్క గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు మెకానిక్.

ఓవెన్ వెనక చెయ్యి పెట్టి అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ఊడదీశాడు. దాని వైరు ఓవెన్ లోపలికి పోయి ఉంది. రిపేరు చేసిన ప్రతి ఓవెన్‌కీ ఒకరోజు పాటు అతను తగిలించే, వేడిని నమోదు చేసే రికార్డర్ అది. ఫోన్‌కి కలిపి మేడమ్‌కి చూపించాడు.

"నూట ముప్పై డిగ్రీలు. చక్కగా పట్టింది. కానీ ఇవి చూడండి."

గీత పళ్ళు ఊడిన దువ్వెనలా ఉంది.

"పది నుంచి పదకొండున్నర లోపల వేడి ముప్పై ఒక్కసార్లు పడిపోయింది. ఓవెన్ తప్పు కాదు మేడమ్. ఎవరో తలుపు ముప్పై ఒక్కసార్లు తెరిచారు."

తన ఓవెన్ గెలిచిందన్న ఉషారులో అన్నాడు. అన్నాక గానీ తెలియలేదు, పప్పులో కాలేశానని.

"ఓవెన్ దగ్గర ఉన్నదెవరు?" మేడమ్ గొంతు చల్లగా ఉంది.

"నేనే మేడమ్," అంది బొత్తాలక్క నేల చూస్తూ. "కంగారులో తెరిచానేమో."

"తలుపు ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇంట్లో ఇలాగే చేస్తే ఆ షాపువాళ్ళు రెండో నెల మొహం చూస్తారా? వచ్చే ఏడు చూద్దాం."

మెకానిక్ ఓవెన్ వైపు తిరిగాడు. అతని చూపు తలుపు పిడి మీద పడింది. పిడి నిండా నీలం మరకలు.

బొత్తాలక్క చేస్తున్నవి తెల్ల బొత్తాలు. తెల్ల క్లే చేసేవాళ్ళు ఇంకో రంగు ముట్టరు. ముడితే తెలుపు మాసిపోతుంది. అందుకే ఆమె తలుపుని కూడా గుడ్డతో పట్టుకుంటుంది. ఆ గుడ్డ ఇప్పటికీ భుజం మీదే ఉంది, మల్లెపువ్వులా.

హాలులో నీలంతో పనిచేస్తున్నది ఒక్కరే. క్లేని పొడుగు కడ్డీలా చుట్టి, ముక్కలు కోస్తుంటే ప్రతి ముక్కలోనూ నీలం పువ్వు వచ్చేలా చేయడం చిట్టి ప్రత్యేకత. ఆమె బల్ల హాలు ఆ చివర. ఓవెన్ ఈ చివర. ఓవెన్ పక్కన కిటికీ తప్ప ఇంకేమీ లేదు.

మెకానిక్ కిటికీలోంచి చూశాడు. రోడ్డుకి అవతల అతని షాపు. షాపు ముందు అతని బల్ల. బల్ల మీద సగం విప్పిన మిక్సీ.

అతని చెవులు వేడెక్కాయి.

"మేడమ్, తెరిచింది అక్క కాదు."

"మరెవరు?"

అతను నీళ్ళు నమిలాడు. "తప్పు... నాదేననుకోండి."

"రోడ్డు అవతల కూర్చుని ఇక్కడి తలుపు ఎలా తెరిచావయ్యా? అంత పొడుగు చేతులా నీవి?"

ఈసారి అందరూ నవ్వారు, ఒక్కరు తప్ప. చిట్టి బ్లేడు కింద పెట్టి లేచి వచ్చింది.

"అక్కని ఏమీ అనకత్తా. తెరిచింది నేను."

"నువ్వా?"

"ముప్పై ఒక్కసార్లూ నేనే."

"నీకు తెలుసా?" అని బొత్తాలక్క మీదికి తిరిగింది మేడమ్.

"మూడు నెలలు నా చెయ్యి పట్టుకుని నాకు పని నేర్పిన పిల్ల మేడమ్. నా నోటితో ఎలా చెప్పను?"

మేడమ్ మిగిలిన తొంభై రెండు బొత్తాల్నీ ట్రేలో సర్ది ఓవెన్‌లో పెట్టింది. సగం కాలిన క్లేని మళ్ళీ కాల్చుకోవచ్చు, అదొక్కటే ఆ క్లే చేసే ఉపకారం. తలుపు ముందు కుర్చీ వేసుకుని తనే కూర్చుంది.

"అరగంట. తరవాత నీ సంగతి."

ఆ అరగంటలో మెకానిక్ చిట్టి బల్ల దగ్గరికి నడిచాడు. స్క్రూడ్రైవర్ వెతుక్కుంటున్నట్టు. అది అతని జేబులోనే ఉంది.

"షాపు లోపల నాకు ఫ్యాను ఉంది," అన్నాడు మెల్లగా.

"అయితే?"

"మూడు వారాలుగా బల్ల బయట ఎండలో ఎందుకేశానో అడగరేం?"

"అడగను." నీలం కడ్డీ మీద బ్లేడు వంకరగా దిగింది. పువ్వు సగానికి తెగింది. "పని చేసుకోనివ్వండి డాక్టర్ గారూ."

అరగంటయింది. చల్లారాక మేడమ్ ఒక బొత్తాన్ని వేళ్ళ మధ్య వంచింది. వంగింది. ఇంకోటి. వంగింది. ఒక్కొక్కటే వంచుతూ చివరి బొత్తం దాకా వెళ్ళింది.

"సోమవారం ఓవెన్ మీ ఇంటికి వస్తుంది," అంది బొత్తాలక్కతో. "ప్లగ్గు పాయింటు ఈ అబ్బాయి చూసి పెడతాడు."

బొత్తాలక్క తెల్ల గుడ్డని ముఖానికి అడ్డం పెట్టుకుంది. పక్కావిడ వీపు నిమిరింది.

"ఇక నువ్వు చెప్పవే," అంది మేడమ్. "ఎందుకు తెరిచావు?"

"ఊరికే కిటికీ దగ్గర నిలబడితే అందరూ అడుగుతారు. ఓవెన్ తలుపు తీస్తే పని చూస్తున్నట్టు ఉంటుందని..."

"కిటికీ దగ్గర నీకేం పని?"

చిట్టి తల వంచుకుంది. చెవుల దాకా ఎర్రబడింది.

"నసగకు. మనిషిని చూశావు, ఆ మాత్రం నాకు తెలుసు. ఎవర్నో చెప్పు. గట్టిగా చెప్పు, వెనక బెంచీకి వినపడాలి."

చిట్టి తలెత్తింది. అత్తని చూడలేదు. నీలం అంటిన వేలు తిన్నగా ముందుకి చాపింది.

"ఈ మెకానిక్‌ని, అత్తా!"